రేకుల షెడ్డులో కోత మిషన్ పట్టే ముందు

మే నెల వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో చాలా ఇళ్ల ముందు కర్ర పని మొదలవుతుంది. పాత మిద్దె విప్పితే వచ్చిన దూలాలు, ద్వారబంధాలు రేకుల షెడ్డులోకి చేరతాయి. మిషన్లు అందరికీ అందుబాటులోకి వచ్చాయి గానీ, వాటిని పట్టడం నేర్పే మేస్త్రి మాత్రం పక్కన ఉండడు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం గ్రైండర్‌తోనే. ఇనుము కోయడానికి, అరగదీయడానికి చేసిన నాలుగంగుళాల గ్రైండర్‌కు కర్ర కోసే పళ్ల బ్లేడు బిగించి, అడ్డొస్తోందని గార్డు కూడా తీసేసి వాడటం మామూలైపోయింది. దయచేసి ఆ పని చేయకండి. అది నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. కర్ర కోసే చేతి రంపం మిషన్ వేగం దాదాపు అందులో సగమే; పైగా దానికి చెక్క మీద ఆనే పీట ఉంటుంది, బ్లేడును కప్పే గార్డు ఉంటుంది. గ్రైండర్‌కు ఆనిక లేదు. పళ్లు చెక్కలో ఇరుక్కున్నాయంటే మిషన్ మొత్తం ఎగిరి తొడ మీదికో మెడ మీదికో వస్తుంది. ముందుకు జరిపే స్విచ్ ఉన్న మిషన్ అయితే చేయి జారినా తిరుగుతూనే ఉంటుంది. కొన్ని కోతలే ఉంటే సామిల్లులో కోయించుకోవడం మేలు.

ఆ స్విచ్‌తోనే ఇంకో ప్రమాదం ఉంది. ఈదురుగాలికి కరెంటు పోతుంది, మిషన్ ఆగుతుంది, మనం నీళ్లు తాగడానికి లోపలికి వెళతాం. కరెంటు రాగానే అది బల్ల మీద తనంతట తానే తిరగడం మొదలుపెడుతుంది. సెలవుల్లో పిల్లలు అక్కడే ఆడుకుంటూ ఉంటారు. కరెంటు పోయిన మరుక్షణం ప్లగ్గు పీకేయండి. బ్లేడు మార్చేటప్పుడు కూడా అంతే, స్విచ్ ఆపితే సరిపోదు.

పాత దూలాల్లో తల విరిగిన మేకులు పైకి కనబడవు. కోసే గీత వెంట అయస్కాంతం జరిపి చూడండి. చిన్న ముక్కను చేత్తో పట్టుకుని కోయవద్దు, బల్లకు శికంజాతో (క్లాంపుతో) బిగించండి.

గ్లవుజులు కాపాడతాయనుకుంటాం గానీ, తిరిగే బ్లేడుకూ డ్రిల్లుకూ చిక్కితే చేతిని లోపలికి లాగేవి అవే. లుంగీ, భుజం మీది తువ్వాల, చున్నీ, మణికట్టు దారం కూడా వద్దు. కళ్లద్దాలు తప్పనిసరి. కర్ర పొట్టు క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది; సన్నని ధూళిని రుమాలు ఆపదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి.

ఒంటరిగా ఉన్నప్పుడు మిషన్ ముట్టవద్దు. పొరపాటున వేలు తెగితే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టి 108కి ఫోన్ చేయించండి. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచండి. ఐసు నేరుగా తగిలితే కణాలు చచ్చిపోయి, మళ్లీ అతికించే అవకాశం తగ్గుతుంది.