కెమిస్ట్రీ ఇన్వెస్టిగేషన్ రిపోర్టులకు అందరికీ ఒకే కొలతతో మార్కులు వేయడం ఎలా?

ఒకే రకం పనికి పొద్దున దిద్దిన రిపోర్టులో 4, సాయంత్రం దిద్దిన దాంట్లో 5 పడుతుంటే చాలామంది అలసట మీదకు నెట్టేస్తారు. తప్పు ఎక్కువగా దిద్దే పద్ధతిలోనే ఉంటుంది. రిపోర్టంతా ఒక్క బిగిన చదివి, 'పర్లేదు, బాగానే చేసింది' అనుకుని, ఆ అభిప్రాయానికి సరిపోయేలా గడులన్నీ నింపేస్తాం. పిల్లలు దీన్ని ఇట్టే పసిగడతారు. ఇద్దరు పిల్లలు తమ రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ప్రమాణాల పత్రం (ఏ స్థాయి పనికి ఎన్ని మార్కులో చెప్పే బోర్డు కాగితం) ప్రింటు, పెన్సిల్, క్యాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం. పేర్లు కనబడకుండా కవర్ పేజీలు వెనక్కి మడవండి. పెన్ను వాడకూడదు, ఎర్రది అసలే వద్దు. పెన్నుతో వేసిన మార్కును మార్చడానికి మనసొప్పదు. స్క్రీన్ మీద దిద్దడం కూడా నేను ఒప్పుకోను. గ్రాఫు ఒక పేజీలో, దాని పట్టిక ఇంకో పేజీలో ఉంటే కాగితం మీదే రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

ప్రమాణాలను క్రియాపదాల వెంట చదవండి

ఉదాహరణకు ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమాలో 2025 పరీక్షల నుంచి కెమిస్ట్రీ ఇన్వెస్టిగేషన్‌కు నాలుగు ప్రమాణాలున్నాయి: పరిశోధన రూపకల్పన, దత్తాంశ విశ్లేషణ, ముగింపు, మూల్యాంకనం. ఒక్కోదానికి 6 చొప్పున మొత్తం 24. ప్రతి ప్రమాణంలోనూ 1–2, 3–4, 5–6 అని మూడు స్థాయిలు. మీ బోర్డు వేరైనా అల్లిక దాదాపు ఇలాగే ఉంటుంది. స్థాయికీ స్థాయికీ మధ్య తేడా చాలాసార్లు ఒక్క క్రియలోనే ఉంటుంది: 'పేర్కొన్నారు', 'వర్ణించారు', 'వివరించారు'. ఆ మాటల కింద గీత గీసుకోండి.

మూడు నమూనాలు ఎంచుకోండి

ఒకటి గట్టిది, ఒకటి మధ్యస్థం, ఒకటి బలహీనం. వీటిని మీరూ ఇంకో టీచరూ విడివిడిగా దిద్ది, ఆ తర్వాతే పోల్చుకోండి. తేడా వస్తే 'నాకలా అనిపించింది' అనే మాట చెల్లదు. పత్రంలోని ఏ మాటకు రిపోర్టులోని ఏ వాక్యం సరిపోయిందో వేలు పెట్టి చూపించాలి. మిగతావి దిద్దేటప్పుడు ఈ మూడూ బల్ల మీదే ఉండాలి.

ఒక్కో ప్రమాణాన్ని అన్ని రిపోర్టులకూ దిద్దండి

అందరి రూపకల్పన అయ్యాక అందరి విశ్లేషణ, ఆ తర్వాత అందరి ముగింపు. ప్రతి విడతలోనూ కట్టను కలిపి వరస మార్చండి. టైమ్ ఎక్కువ పడుతుందని గొణిగేవాళ్లున్నారు. నిజానికి తక్కువే పడుతుంది, ఒకే ప్రశ్న బుర్రలో తిరుగుతుంటుంది కాబట్టి. పైగా అందమైన గ్రాఫు చూసిన ఊపులో మూల్యాంకనానికి కూడా మార్కు పెంచేసే రోగం దీంతో కుదురుతుంది.

స్థాయి తేల్చడం: అందరూ తప్పేది ఇక్కడే

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1.0 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ., అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ 50 మి.లీ. కలిపి తటస్థీకరణ ఎంథాల్పీ (ఆమ్లం, క్షారం కలిసినప్పుడు మోలుకు వెలువడే వేడి) కనుక్కోవాలి. ఉష్ణోగ్రత 5.9 డిగ్రీలు పెరిగింది. లెక్క వేస్తే మోలుకు సుమారు −49 కిలోజౌల్స్. పుస్తకాల్లో ఉన్న విలువ సుమారు −57. అంటే తేడా 14 శాతం.

మొదటి విద్యార్థి రాసింది: 'మానవ తప్పిదాలు జరిగాయి. కొంత వేడి బయటకు పోయింది. ఇంకా ఎక్కువసార్లు చేస్తే ఫలితం మెరుగవుతుంది.' చక్కటి దస్తూరి, ఒక్క అక్షరదోషం లేదు.

రెండో విద్యార్థి కొట్టివేతల మధ్య రాసింది: థర్మామీటర్ అనిశ్చితి ±0.1 డిగ్రీ. పెరుగుదల రెండు రీడింగుల తేడా కాబట్టి ±0.2, అంటే 3.4 శాతం. 14 శాతం తేడాకు ఇది చాలదు, కాబట్టి క్రమ దోషం (ప్రతిసారీ ఒకేవైపు లాగే తప్పు) ఉంది. వేడి బయటకు పోతే పెరుగుదల తక్కువగా నమోదవుతుంది, నాకొచ్చిన విలువ కూడా తక్కువే. మూత పెట్టాలి, కాలంతో ఉష్ణోగ్రత గ్రాఫు గీసి, కలిపిన క్షణం దాకా వెనక్కి పొడిగించాలి.

మొదటిదానికి మూల్యాంకనంలో 2 దాటకూడదు. 'వేడి పోయింది' అన్నది ఏ ఉష్ణ ప్రయోగానికైనా అతికే మాట, ఈ ప్రయోగం గురించి ఏమీ చెప్పలేదు. ఎక్కువసార్లు చేస్తే యాదృచ్ఛిక దోషం (ఒకసారి అటు, ఒకసారి ఇటు పడే తప్పు) తగ్గుతుంది గానీ క్రమ దోషం అంగుళం కూడా కదలదు. రెండోది పై స్థాయిలో ఉండాలి. కొట్టివేతలకు ఇక్కడ మార్కులు కోయకూడదు.

నేను ముందు చూసేది దిశ. వేడి పోయిందని రాసి, ఫలితం −63 వచ్చిన రిపోర్టులు కనబడుతుంటాయి. కారణం ఒకవైపు లాగుతుంటే ఫలితం ఇంకోవైపు ఉంది. అది వివరణ కిందకు రాదు. ఈ ఒక్క పరీక్షతోనే సగం అనుమానాలు తీరిపోతాయి.

ఇక రెండు స్థాయిల మధ్య ఊగే రిపోర్టులు. ఒక అంశం 5–6లో, రెండు అంశాలు 3–4లో ఉంటే 4 వేయండి. పై స్థాయిలోని అన్ని వాక్యాలూ నెరవేరితేనే ఆ స్థాయి ఇస్తామంటే అది బెస్ట్ ఫిట్ (రిపోర్టుకు మొత్తమ్మీద ఎక్కువగా సరిపోయే స్థాయిని ఎంచడం) కాదు. అలాగని ఒక్క మెరుపు వాక్యానికి పైకి లాగేయకూడదు. అర మార్కులు వేయకండి, అవి నిర్ణయాన్ని వాయిదా వేసే ఎత్తుగడ. ఫుల్ మార్కుల నుంచి తప్పుకో మార్కు కోసుకుంటూ వచ్చే అలవాటు ఇంకా ప్రమాదం. అందులో ఎక్కువ రాసిన విద్యార్థికే ఎక్కువ కోతలు పడతాయి.

ఒకే తప్పుకు రెండుసార్లు శిక్ష వేయకండి. ఉష్ణం లెక్కలో 100 గ్రాముల ద్రావణానికి బదులు 50 గ్రాములు వేస్తే జవాబు సగానికి, సుమారు −25కు పడిపోతుంది. దానికి విశ్లేషణలో మార్కు పోవాలి. ముగింపులో మాత్రం తనకొచ్చిన −25తో నిజాయితీగా వాదించిందా, −57తో పోల్చి తేడా ఎందుకొచ్చిందో వెతికిందా అన్నదే చూడాలి.

ఇంకొకటి, ల్యాబ్‌లో మీ కళ్లతో చూసినదానికి మార్కు లేదు. మూత పెట్టడం మీరు చూశారు, రిపోర్టులో రాయలేదు. అయితే పెట్టనట్టే.

మళ్లీ చూసుకోవడం

ప్రతి ప్రమాణానికీ మొదట్లో దిద్దిన నాలుగైదు రిపోర్టులు తీసి, పాత మార్కు చూడకుండా మళ్లీ వేయండి. తేడాలన్నీ ఒకేవైపు వస్తే మీ కొలత మధ్యలో పక్కకు జరిగిందన్నమాట, నమూనాలు మళ్లీ చదివి ఆ విడతంతా తిరగదోడాల్సిందే. ప్రతి మార్కు పక్కనా పేజీ నంబరు, స్థాయిలోని కీలకమైన మాట ఒకటి రాసిపెట్టండి, అంతకుమించి అక్కర్లేదు.

మొత్తం కూడటం అన్నిటికన్నా చివర చేయండి. మధ్యలో 17 కనబడితే ఎక్కడో ఒకటి కలిపి 18 చేయాలని చేయి లాగుతుంది.