ఆర్గ్‌పార్స్‌తో కమాండ్ లైన్ ఆర్గ్యుమెంట్లను చదవడం ఎలా?

అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే పైథాన్ నోట్సులో, నేను చూసినంతవరకు, కమాండ్ లైన్ (అంటే టెర్మినల్‌లో టైప్ చేసి స్క్రిప్ట్‌ను నడిపే తీరు) గురించి ఒకే ముక్క ఉంటుంది: సిస్.ఆర్గ్‌వీ అనే లిస్టులో మొదటిది స్క్రిప్ట్ పేరు, తరువాతివి మనం టైప్ చేసిన మాటలు, వాటిని వరుస సంఖ్యతో తీసుకోండి అని. అలా రాసిన స్క్రిప్ట్ రాసినవారి చేతిలో బాగానే నడుస్తుంది. మరొకరు ఫైలు పేరును, నెలను తారుమారుగా ఇచ్చిన రోజున గానీ దాని లోపం బయటపడదు. ఈ పనికి ఆర్గ్‌పార్స్ అనే చిన్న లైబ్రరీ 2.7, 3.2 వెర్షన్ల నుంచి పైథాన్‌తో పాటే వస్తోంది కాబట్టి విడిగా ఇన్‌స్టాల్ చేయవలసినది ఏమీ లేదు.

ఉదాహరణకు ఒక అపార్ట్‌మెంట్ సంఘం లెక్కలు తీసుకుందాం. వేసవిలో కూకట్‌పల్లి వైపు నీటి ట్యాంకర్ల ఖర్చు నెలనెలా మారుతుంది. ఆ ఖర్చులున్న సీఎస్‌వీ ఫైలును చదివి ఫ్లాటుకు ఒక బిల్లు తయారుచేయడం, అడిగితే పాత బిల్లుల ఫైళ్లను తీసివేయడం మన స్క్రిప్ట్ పని. దానిని నడిపే తీరు ఇలా ఉండాలి:

పైథాన్ బిల్లులు.పై ట్యాంకర్లు.సీఎస్‌వీ --నెల 2025-04 --పాతవి-తీసెయ్

ఆప్షన్ల పేర్లను తెలుగు లిపిలో పెట్టినా పైథాన్ 3 అభ్యంతరం చెప్పదు. అయితే పొల్లు అక్షరాన్ని విడిగా చూపడానికి కీబోర్డు చొప్పించే కంటికి కనిపించని గుర్తు ఆ పేరులో ఉంటే, దానిని వేరియబుల్‌గా వాడిన చోట సింటాక్స్ ఎర్రర్ వస్తుంది.

క్లిక్, టైపర్ వంటి లైబ్రరీలతో కోడ్ అందంగా ఉంటుందని కొందరు వాదిస్తారు. అందంగా ఉండవచ్చు గానీ, సంఘం ఆఫీసులోని పాత కంప్యూటర్లో నెట్ లేని రోజున పిప్ ఇన్‌స్టాల్ ఎవరు చేస్తారు? లినక్స్ టెర్మినల్‌లో నడిచే బాష్ షెల్‌లోని గెటాప్ట్స్‌ది ఇంకో ఇబ్బంది, అది ఏకాక్షర ఆప్షన్లను మాత్రమే గుర్తిస్తుంది. యాభై వరుసలు దాటని స్క్రిప్టుకు ఆర్గ్‌పార్స్‌ను మించినది అక్కరలేదు.

మొదటి మెట్లు సులువు. ఆర్గ్‌పార్స్‌ను ఇంపోర్ట్ చేసి, ఆర్గ్యుమెంట్‌పార్సర్ ఆబ్జెక్టును సృష్టించి, యాడ్_ఆర్గ్యుమెంట్‌ను ఒక్కొక్క విలువకు ఒక్కసారి పిలవాలి. గీతలు లేని పేరు ఇస్తే అది స్థానాన్ని బట్టి వచ్చే ఆర్గ్యుమెంట్, రెండు గీతలతో మొదలైతే ఆప్షన్. స్థానాన్ని బట్టి వచ్చేది ఒక్కటే ఉండాలి, అది కూడా ఇన్‌పుట్ ఫైలే కావాలి. రెండోది పెట్టారంటే మళ్లీ పాత తారుమారు సమస్యకే వచ్చారన్నమాట. నెలకు డిఫాల్ట్ (ఏమీ ఇవ్వనప్పుడు వాడే విలువ) పెట్టకుండా రిక్వైర్డ్ అనే గుర్తును ట్రూ చేయండి, ఎందుకంటే ఏప్రిల్ బిల్లును మే ఒకటిన తయారుచేసేవారికి 'ఈ నెల' అనే డిఫాల్ట్ తప్పు బిల్లునే ఇస్తుంది. ఆప్షన్‌ను వివరించే హెల్ప్ వాక్యంలో శాతం గుర్తు రాయవలసివస్తే రెండుసార్లు రాయాలి, లేకపోతే స్క్రిప్ట్ కూలిపోవచ్చు.

అసలు చిక్కు అవును-కాదు ఆప్షన్ దగ్గర ఉంది. యాడ్_ఆర్గ్యుమెంట్‌లో టైప్ అనే చోట, టైప్ చేసిన మాటను మనకు కావలసిన విలువగా మార్చే ఫంక్షన్ ఇవ్వవచ్చు. నెలకు స్ట్రిప్‌టైమ్‌తో తేదీని చదివే ఒక చిన్న ఫంక్షన్ ఇస్తాం, ఫ్లాట్ల సంఖ్యకైతే ఇంట్ ఇస్తాం, కాబట్టి పాతవి తీసివేయాలా వద్దా అన్నదానికి ట్రూ, ఫాల్స్‌లుగా మార్చే బూల్ ఇస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. నా చేతికి వచ్చే స్క్రిప్టుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, ఫైళ్లను పోగొట్టేదీ ఇదే.

టైప్ కింద మీరు ఏ ఫంక్షన్ ఇచ్చారో దానికి ఆర్గ్‌పార్స్, టెర్మినల్‌లో టైప్ చేసిన మాటను స్ట్రింగ్‌గా అందించి, తిరిగి వచ్చినదానిని దాచుకోవడం తప్ప మరేమీ చేయదు. బూల్ ఆ మాట అర్థాన్ని చూడదు. స్ట్రింగ్ ఖాళీగా ఉంటే ఫాల్స్, అందులో ఒక్క అక్షరమున్నా ట్రూ అంటుంది. అందువల్ల పాతవి-తీసెయ్ పక్కన 'ఫాల్స్' అని రాసినా, 'సున్నా' అని రాసినా, 'వద్దు మహాప్రభో' అని కొటేషన్లలో పెట్టి రాసినా జవాబు ట్రూయే, ఫైళ్లు పోవడం పోవడమే. పైగా ఆప్షన్ అసలు ఇవ్వనప్పుడు డిఫాల్ట్‌గా పెట్టిన ఫాల్స్ సక్రమంగా పనిచేస్తుంది, ట్రూ అని ఇచ్చినప్పుడూ సక్రమంగానే పనిచేస్తుంది. ఈ రెండింటినే పరీక్షించి ఊరుకున్నవారికి లోపం ఎన్నటికీ కనిపించదు.

సరైన పద్ధతిలో టైప్‌ను పూర్తిగా వదిలేసి, యాక్షన్ కింద స్టోర్_ట్రూ అని రాయాలి. అప్పుడు ఆప్షన్ కనిపిస్తే ట్రూ, కనిపించకపోతే ఫాల్స్. దాని పక్కన విలువ రాయవలసిన పని ఉండదు. పాత అలవాటుతో ఎవరైనా 'ఫాల్స్' అని తగిలిస్తే, ఫైలు పేరు ముందే ఇచ్చి ఉన్నందున అది అదనపు మాటగా మిగిలి, స్క్రిప్ట్ ఏ పనీ మొదలుపెట్టకుండానే గుర్తించని ఆర్గ్యుమెంట్ అంటూ ఆగిపోతుంది. ఈ రక్షణ స్థానపు ఆర్గ్యుమెంట్ ఒక్కటే ఉన్నంతవరకే దొరుకుతుంది. ఎన్ని ఫైళ్లయినా ఇవ్వవచ్చని, విలువల సంఖ్యను చెప్పే ఎన్‌ఆర్గ్స్‌కు నక్షత్రం గుర్తు పెట్టి, ఫైళ్ల పేర్లను ఆప్షన్ల తరువాత ఇచ్చారంటే, ఆ 'ఫాల్స్' కూడా ఒక ఫైలు పేరుగా లోపలికి వెళ్లిపోతుంది, పాతవి తీసివేయమన్న ఆజ్ఞ అలాగే నిలిచి ఉంటుంది.

స్టోర్_ట్రూకు డిఫాల్ట్‌గా ట్రూ ఇవ్వడం మరొక పొరపాటు, ఇక ఆ ఆప్షన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫలితం ఒక్కటే. మామూలుగా జరిగే పనిని ఆపడానికి ఆప్షన్ కావాలనుకుంటే స్టోర్_ఫాల్స్ ఉంది. అవును, కాదు రెండూ విడివిడిగా చెప్పగలగాలంటే 2020లో వచ్చిన 3.9 వెర్షన్ నుంచి బూలియన్‌ఆప్షనల్‌యాక్షన్ ఉంది, అది పేరుకు ముందు 'నో' చేర్చిన జంట ఆప్షన్‌ను తానే తయారుచేస్తుంది. అయినా తిరిగి తెచ్చుకోలేని పనికి మాత్రం స్టోర్_ట్రూయే వాడాలి: తీసివేయమని నోరారా చెబితేనే తీసివేయాలి.

ఇదే కారణంతో పార్సర్‌ను సృష్టించేటప్పుడు అలౌ_అబ్రెవ్‌ను ఫాల్స్ చేయండి. లేకపోతే ఆర్గ్‌పార్స్ ఆప్షన్ పేరులోని మొదటి అక్షరాలతోనే సరిపెట్టుకుంటుంది, '--పా' అన్నా పాతవి తీసివేస్తుంది. రేపు మీరు 'పార్కింగ్' అనే ఇంకో ఆప్షన్ చేర్చిన నాడు ఆ పొట్టి పేరుతో క్రాన్‌లో (వేళకు తానే స్క్రిప్టులు నడిపే ఏర్పాటులో) నడుస్తున్నవన్నీ సందిగ్ధం అంటూ ఆగిపోతాయి.

చివరగా పార్స్_ఆర్గ్స్‌ను పిలిచి, వచ్చిన ఆబ్జెక్టు నుంచి విలువలు తీసుకోవాలి. పేరు మధ్యలోని అడ్డగీత అక్కడ అండర్‌స్కోర్‌గా మారుతుంది. నిజమైన ఫైళ్ల మీద నడిపే ముందు పార్స్_ఆర్గ్స్‌కు మీరే ఒక లిస్టు ఇచ్చి పరీక్షించండి. ఆప్షన్ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి, దాని పక్కన 'ఫాల్స్' చేర్చి ఒకసారి. మూడోసారి స్క్రిప్ట్ 2 అనే ఎగ్జిట్ కోడ్‌తో (తప్పు జరిగిందని చెప్పే సంఖ్యతో) ఆగాలి. ఆగకుండా ముందుకు వెళ్లిందంటే, యాడ్_ఆర్గ్యుమెంట్ వరుసల్లో ఎక్కడో బూల్ గానీ, నక్షత్రం గానీ మిగిలి ఉంటుంది.