పెడల్‌బోర్డుపై పెడళ్లు బిగించే ముందు జాగ్రత్తలు

పెడల్‌బోర్డు అంటే గిటార్ ధ్వనిని మార్చే పెడళ్లను అమర్చుకునే పలక. ముందు పవర్ తీసేయండి. పెడళ్లను బోర్డు మీద ఊరికే పేర్చి, కేబుళ్లు తగిలించి, ఒక్కొక్క స్విచ్చూ కాలితో నొక్కి చూడండి. పక్క పెడల్ మీద కాలు పడుతుంటే ఇప్పుడే జరపండి. అంటించాక జరపడం పెద్ద తలనొప్పి.

• పెడల్‌ను బోర్లించండి. బ్యాటరీ మూత మీదా, సీరియల్ నంబరు చీటీ మీదా టేపు పడకూడదు. రబ్బరు పాదాలు తీస్తే దాచిపెట్టండి.

• వెల్‌క్రో వాడితే అడుగుభాగాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. జిడ్డుంటే ఎంత మంచి జిగురైనా పట్టదు. గరుకు వైపు పెడల్‌కు, మెత్తని వైపు బోర్డుకు అంటించి, ఒక రోజు కదపకండి.

• సైకిల్ చైను లింకులే నాకు అన్నిటికంటే ఇష్టం, చవక, గట్టి. అడుగు పలక మూలనున్న స్క్రూను లింకు రంధ్రంలోంచి దూర్చి బిగించాలి, రెండో రంధ్రం బోర్డుకు. అసలు ప్రమాదం స్క్రూ పొడవులో ఉంది. పాతది పొట్టిదై మరలు సరిగా పట్టకపోతే, లింకు మందం మేరకే పొడవైనది వేయండి. అంతకు మించితే మొన లోపలి సర్క్యూట్‌ను తాకవచ్చు. పెడల్‌కు మాత్రం కొత్త రంధ్రం వేయకండి. చైను నూనెను శుభ్రంగా కడగండి.

• జిప్ టై (ప్లాస్టిక్ కట్టు పట్టీ) వాడితే అది నాబ్‌ల మీదుగా పోకూడదు. వా పెడల్ (పాదంతో ముందుకూ వెనక్కూ ఊపే పెడల్) అయితే తొక్కే పలక పూర్తిగా ఆడాలి.

• సూపర్‌గ్లూ వద్దే వద్దు. మరమ్మతుకు విప్పలేరు.

చివరగా, పరుపు మీద బోర్డును తలకిందులుగా పట్టుకుని కాస్త కుదపండి. ఏది కదిలినా మళ్లీ బిగించండి.