పొరపాటున తుపాకి పేలితే: తొలి గంటలో ఏం చేయాలి, తర్వాత ఏ కేసులు పడతాయి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తుపాకి పొరపాటున పేలే సందర్భాలు ముఖ్యంగా మూడు. బ్యాంకు గార్డు తుపాకి తుడిచేటప్పుడు, ఎన్నికల కోడ్ వచ్చి లైసెన్సుదారు స్టేషన్‌లో డిపాజిట్ చేయబోయేటప్పుడు, పలమనేరు, కుప్పం వైపు అడవి పందుల కోసం నాటు తుపాకితో చేనుకు కాపలా ఉన్నప్పుడు. ఈ మూడింటినీ చట్టం ఒకేలా చూడదు.

ముందు రెండో ప్రమాదం జరక్కుండా చూడండి. డబుల్ బ్యారెల్ 12 బోర్‌లో ఒక గొట్టం పేలినా రెండోదాంట్లో తూటా అలాగే ఉండొచ్చు. గాభరాలో ఎవరో ఎత్తుతారు, అదీ పేలుతుంది. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, మూతిని మనుషులు లేనివైపు నేలకు వంచి, తుపాకిని మడిచి తూటా బయటికి తీయాలి. అది చేతకానివాళ్లు ముట్టుకోకుండా, ఎవరినీ దగ్గరికి రానీయకుండా నిలబడితే చాలు. నాటు తుపాకి జోలికి అసలు వెళ్లొద్దు. దానికి సేఫ్టీ ఉండదు, సుత్తి కాస్త కదిలినా క్యాప్ పేలొచ్చు.

గాయపడిన మనిషికి శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. పెల్లెట్లు (తూటాలోంచి వచ్చే చిన్న గుండ్లు) వేళ్లతో తీయబోవద్దు. ఆసుపత్రిలో ఉన్న మాటే చెప్పాలి. తుపాకి గాయం మెడికో లీగల్ కేసు కాబట్టి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లినా, ఇంకెక్కడికి తీసుకెళ్లినా పోలీసులకు కబురు వెళ్తుంది. "ఇనుప కడ్డీ గుచ్చుకుంది" అని చెప్పారనుకోండి, ఎక్స్‌రేలో పెల్లెట్లు తెల్లచుక్కల్లా కనబడతాయి. ఆ అబద్ధంతో నిజమైన ప్రమాదం కూడా అనుమానం కేసు అవుతుంది.

112కి గానీ స్టేషన్‌కు గానీ మీరే ముందు చెప్పండి. పేలిన తూటా ఖాళీ డొప్ప పడిన చోటే ఉండాలి. తుపాకి తుడవకూడదు, రక్తం అంటిన బట్టలు ఉతకకూడదు. పెల్లెట్లు ఎంత దూరానికి ఎంత మేర విచ్చుకున్నాయో చూసే ఫోరెన్సిక్ వాళ్లు దూరాన్ని అంచనా కడతారు, మీ మాట నిజమని తేల్చేది అదే. తుపాకిని బావిలో పడేసినా, పొదల్లో దాచినా బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 238 కింద సాక్ష్యం మాయం చేసిన కేసు అదనం. దాచిపెట్టిన బంధువులూ అందులో ఇరుక్కుంటారు.

ఇక సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత నడుస్తోంది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే 106(1): 5 ఏళ్ల వరకు జైలు, జరిమానా, ఇది బెయిలబుల్. గాయమైతే 125(ఎ), 6 నెలల వరకు. ఎముక విరగడం లాంటి తీవ్రగాయమైతే 125(బి), 3 ఏళ్ల వరకు. ఎవరికీ తగలకపోయినా ఆర్మ్స్ యాక్ట్ (ఆయుధాల చట్టం) 25(9) ఉంది. ఇతరుల ప్రాణానికి ముప్పు వచ్చేలా నిర్లక్ష్యంగా తుపాకి వాడినా, పెళ్లిలోనో జాతరలోనో సరదాకు కాల్చినా 2 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనిషి చనిపోయి, జనంలోకి కాలిస్తే ఎవరో ఒకరు చచ్చిపోవచ్చని తెలిసే కాల్చారని తేలితే బీఎన్‌ఎస్ 105 పడుతుంది. అప్పుడది నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు కేసు.

నేరమే కాదనిపించుకునే దారి బీఎన్‌ఎస్ సెక్షన్ 18. చట్టబద్ధమైన పనిని, చట్టబద్ధమైన పద్ధతిలో, తగిన జాగ్రత్తతో చేస్తుండగా, చెడు ఉద్దేశం లేకుండా ప్రమాదం జరిగి ఉండాలి. దీన్ని నిరూపించాల్సిన భారం నిందితుడిదే. తూటా ఉందో లేదో చూడకుండా తుడవడం మొదలుపెట్టిన గార్డుకు "తగిన జాగ్రత్త" దగ్గరే చిక్కు.

లైసెన్సు లేని తుపాకి అయితే ఈ దారి ఇంకా ఇరుకు. ఒకవేళ ప్రమాదమేనని కోర్టు నమ్మినా ఆర్మ్స్ యాక్ట్ 25(1బి) కేసు మిగిలే ఉంటుంది: 2 నుంచి 5 ఏళ్లు, నాన్ బెయిలబుల్. పందిని కొట్టబోయి పేలితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా తోడవుతుంది. లైసెన్సు కింద ఉన్న తుపాకినైనా తోట కాపలావాడి చేతికి ఇచ్చి ఇంటికి వెళ్లిపోతే ఇచ్చిన యజమాని మీదా ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 29 కేసు పడుతుంది. ఇది చాలామంది పట్టించుకోరు.

పోలీసులకు జరిగింది జరిగినట్టు చెప్పండి, కానీ చదవకుండా దేనిమీదా సంతకం పెట్టొద్దు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు 15100కి ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ వాళ్లు మాట్లాడతారు. 7 ఏళ్ల లోపు శిక్ష ఉండే కేసుల్లో మామూలుగా అరెస్టుకు బదులు ముందు హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 35(3) నోటీసు ఇస్తారు. ఆ తేదీకి తప్పక వెళ్లండి, వెళ్లకపోతే అరెస్టుకు అదే కారణమవుతుంది.

ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఇంత ఇచ్చుకోమని తేల్చినా 106 కేసు రాజీతో పోదు. ఇచ్చిన డబ్బుకు రసీదు, బ్యాంకు లెక్క ఉంటే శిక్ష వేసేటప్పుడు కోర్టు ముందు పెట్టొచ్చు.

లైసెన్సు సంగతి వేరు. కేసు కొట్టేసినా లైసెన్సు దానంతటదే తిరిగిరాదు. ఆర్మ్స్ యాక్ట్ సెక్షన్ 17 కింద కలెక్టర్ దాన్ని సస్పెండ్ చేయొచ్చు, రద్దు చేయొచ్చు. రద్దుపై అప్పీలుకు సెక్షన్ 18 ఉంది (ఇది ఆర్మ్స్ యాక్ట్‌లోది, పైన చెప్పిన బీఎన్‌ఎస్ 18 కాదు). తూటాల లెక్కా చూస్తారు. కొన్న రసీదులు, వాడినవి, మిగిలినవి సరిపోవాలి. తేడా వస్తే లైసెన్సు షరతులు తప్పారని సెక్షన్ 30 కూడా పెడతారు.

చనిపోయినవారి కుటుంబం విడిగా పరిహారం దావా వేయొచ్చు, గడువు మరణించిన రోజు నుంచి 2 ఏళ్లు. బాధితుల పరిహార పథకం కింద జిల్లా న్యాయసేవాధికార సంస్థకు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.