మాక్ పార్లమెంటులో కూటమి కట్టడమెలా?

మా అనంతపురం పిల్లలు మాక్ పార్లమెంటు కోసం ఓ దేశాన్నే కల్పించుకుంటారు: నాలుగు జాతులు, ఆరు రాష్ట్రాలు, ఎవరికీ మెజారిటీ రాదు. అందులో వామపక్షం వైపు మొగ్గే కూటమి కట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదీ.

పేరు, జెండా తర్వాత చూసుకోవచ్చు. ముందు కనీస ఉమ్మడి కార్యక్రమం, అంటే కూటమి పార్టీలన్నీ ఒప్పుకున్న పనుల జాబితా రాయండి. 2004లో కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ కూటమి చేసిందదే. వామపక్షాలు బయటి నుంచి మద్దతిచ్చాయి. అందులోని ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న మన బండ్లపల్లిలోనే మొదలైంది. "పేదల్ని ఆదుకుంటాం" అంటే చాలదు. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని అన్నట్టు లెక్క ఉండాలి, డబ్బు కేంద్రానిదో రాష్ట్రానిదో తేలాలి.

అసలు గొడవంతా నీళ్లు, రాజధాని దగ్గరే. వెనకబడిన ప్రాంతం పార్టీని తీపి మాటలతో సరిపెట్టొద్దు. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో కృష్ణా, తుంగభద్ర నీళ్లలో సీమకే ప్రాధాన్యం అన్నారు. ఆ మాట ఏమైందో ఇంట్లో పెద్దవాళ్లనడగండి, గంటసేపు చెప్తారు! అందుకే ప్రతి హామీ పక్కన గడువు, తప్పితే ఎవరు జవాబుదారీనో రాయించండి. సమన్వయ కమిటీకి చిన్న పార్టీ మనిషినే కన్వీనర్‌గా పెట్టండి. మంత్రి పదవులంటారా, అవి ఆఖర్న. ముందే పెట్టుకుంటే ఇక వేరే చర్చ సాగదు.