అమ్మానాన్నల సంరక్షణకి ప్లానింగ్ – 3వ పాఠం: డిశ్చార్జ్ అయ్యాక వచ్చే ఖర్చు

పోయిన పాఠంలో పాలసీ ఎలా ఎంచుకోవాలో చూశాం. పాలసీ కట్టేశాం కదా, ఇంక టెన్షన్ లేదు అని చాలా ఇళ్లలో అక్కడితో ఆపేస్తారు. మన దగ్గర హెల్త్ ఇన్సూరెన్స్ ప్రధానంగా ఆస్పత్రిలో చేరినందుకు డబ్బిస్తుంది. పక్షవాతం వచ్చిన నాన్నని ఇంటికి తెచ్చుకున్నాక, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, ఒళ్లు తుడిచి, ట్యూబులోంచి జావ పోసే మనిషికి ఇవ్వాల్సిన జీతం దాదాపు ఏ పాలసీలోనూ రాదు. 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు తప్పకుండా తీసుకోండి. ఆస్పత్రి ఖర్చుకి ఏడాదికి 5 లక్షల వరకు, ఇంట్లో ఇద్దరుంటే ఇద్దరికీ కలిపే. అందులోనూ డిశ్చార్జ్ తర్వాతి ఖర్చు 15 రోజుల వరకే.

ఇప్పుడు మీ పాలసీ కాగితాలు ముందు పెట్టుకోండి. మొదట కో-పే, అంటే బిల్లులో మీ వాటా, ఎంతో వెతకండి. 20 శాతం అని ఉంటే, 4 లక్షల బిల్లులో 80 వేలు మీరే కట్టాలి, క్యాష్‌లెస్ అయినా సరే. తర్వాత డిశ్చార్జ్ అయ్యాక ఎన్ని రోజుల ఖర్చు ఇస్తారో చూడండి, చాలావాటిలో 60 లేదా 90 రోజులు ఉంటుంది. ఆ రోజుల్లో మందులు, టెస్టులు, చాలా పాలసీల్లో ఫిజియోథెరపీ కూడా క్లెయిమ్ చేసుకోవచ్చు, అయితే డాక్టరు చీటీ మీద రాసి ఉండాలి. డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి, ఆ హడావిడిలో ఇదే మర్చిపోతారు.

మిగిలింది లెక్క. ఆయాకి నెలకి 24 వేలు, ఫిజియోథెరపీకి 8 వేలు, డైపర్లకీ మందులకీ 6 వేలు అనుకుందాం, మీ ఊళ్లో రేట్లు కనుక్కుని మార్చుకోండి. నెలకి 38 వేలు, ఆరు నెలలకి 2,28,000. ఈ డబ్బు పాలసీతో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. కొంత ఎఫ్‌డీలో ఉంచి, అమ్మానాన్నల పొదుపు ఉంటే వాళ్ల పేరు మీదే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేయొచ్చు. 2025లో ఉన్న 8.2 శాతం వడ్డీతో 15 లక్షలకి మూడు నెలలకోసారి 30,750 వస్తుంది, అంటే నెలకి 10,250. ఆయా జీతంలో సగం కూడా కాదు, అయినా నెలనెలా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాటాల దగ్గర మాటలు పడే అవసరం కొంత తగ్గుతుంది.

ఇంకా పాలసీ తీసుకోనివాళ్లు షుగరు, బీపీ దాచకండి. 2024 ఏప్రిల్ నుంచి పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని కాలం) మూడేళ్లు మించకూడదు, దాచితే మాత్రం క్లెయిమ్ కొట్టేస్తారు.

ఈ వారం పని: కో-పే, డిశ్చార్జ్ తర్వాత ఖర్చు ఇచ్చే రోజులు, ఆరు నెలల ఖర్చు – ఈ మూడు అంకెలూ మీ ఇంటికి వేసి, తోబుట్టువులందరికీ ఒకేసారి పంపండి. వాటాలు ఎలా తేల్చుకోవాలో వచ్చే పాఠంలో.