వీడియో ఆర్ట్ షోకి వెళ్లే ముందు

నాలుగు గోడల మీదా బొమ్మలు కదిలే వీడియో షో ఏదైనా మాదాపూర్ స్టేట్ గ్యాలరీలోనో, ఇంకోచోటో పెట్టారని తెలిస్తే బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

ఇంట్లో ఎవరికైనా మూర్ఛ ఉందా? అయితే గ్యాలరీకి ఫోన్ చేసి మెరుపు లైట్లు ఉన్నాయేమో అడగండి, మొహమాటం వద్దు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగు కొందరికి ఫిట్స్ తెప్పిస్తుంది. గుమ్మం దగ్గర హెచ్చరిక బోర్డు ఉంటే ఆగి చదవండి.

ఎండలోంచి నేరుగా లోపలికి దూరకండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నిమిషాల పైనే పడుతుంది. కనీసం రెండు నిమిషాలైనా గుమ్మం పక్కన నిలబడండి. నేనొకసారి తొందరపడి, నేల మీద టేపు అంటించిన కేబుల్ తన్నుకుని ఎవరో పెద్దాయన కాలు తొక్కేశాను. హీల్స్ అసలే వద్దు.

బిర్యానీ దట్టించి వెళ్లడం కూడా మంచిది కాదు. బొమ్మలు గిర్రున తిరుగుతుంటే కడుపులో తిప్పుతుంది. అలా అనిపిస్తే కదలని మూల చూస్తూ కూర్చోండి.

ఫోన్ ఫ్లాష్ ఆపేయండి. ప్రొజెక్టర్‌కు అడ్డంగా నిలబడితే గోడ మీద మీ నీడే పడుతుంది. కొందరు కళాకారులకు ఆ నీడే కావాలి, అక్కడి వాళ్లను అడగండి. వీడియో నిడివి ఎంతో కూడా అప్పుడే కనుక్కోండి.